రెండు వారాల్లో పోయేవి

పరీక్షకు ఆన్‌లైన్లో నింపే ఫారంలో పెట్టాల్సిన ఫోటోకు శనివారం మధ్యాహ్నం పన్నెండు దాకా గడువు. ఫోటో లేని ఫారం తీసుకోరు, ఫారం వెళ్ళనివాళ్ళను పరీక్షకు కూర్చోనివ్వరు. వెనక తెల్లగా ఉండాలి, రెండు చెవులూ కనపడాలి, నవ్వకూడదు అని బడివాళ్ళు కాగితం మీద అచ్చువేసి పంపారు. బడి ఉన్న వీధిలో స్టూడియో ఒక్కటే. కాబట్టి ఆఖరి తరగతి పిల్లలు నలభై ఒక్కమందీ ఒకరి వెనక ఒకరు వచ్చి, ఆ గుండ్రటి స్టూలు మీద కూర్చుని, జుట్టు చెవుల వెనక్కి తోసుకుని, ఊపిరి బిగబట్టి ఫోటో దిగి వెళ్ళారు. నలభై ఒక్కమందీ అనకూడదు. మంగళవారం సాయంత్రానికి నలభై మంది. మిగిలిన ఒక్కతీ ఫోటోగ్రాఫరు సొంత కూతురు.

దీపం కింద చీకటంటే ఇదేనని అతని భార్య మొదట్లో నవ్వింది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. రోజంతా జనం దగ్గులూ జ్వరాలూ వినీ వినీ, ఇంటికొచ్చాక దేన్నీ పెద్ద జబ్బుగా చూడదు. కూతురు మాత్రం రోజుకో సాకు చెప్పింది. ఒకనాడు తలంటుకోలేదంది, ఒకనాడు పెదవి పగిలిందంది, ఒకనాడు ఊరికే రేపు అంది. ఇంట్లో పిట్ట అని పిలిచే ఆ పిల్ల రెండు నెలలుగా మూతికి గుడ్డ మాస్కు పెట్టుకుని తిరుగుతోంది. దుమ్ము పడదంటే నమ్మారు. భోజనం దగ్గర కూడా ఎడమ చెయ్యి గడ్డానికి ఆనించుకునే తింటోంది. అదీ చూశారు. బల్బు రోజురోజుకూ మసకబారుతుంటే కరెంటు తక్కువ వస్తోందని సరిపెట్టుకునే మనిషిలాగా, పదిహేనేళ్ళ పిల్లలు ఇంతేలే అని సరిపెట్టుకున్నాడు అతను.

చూడటమే అతని వృత్తి కావడం ఇందులో తమాషా. ఇరవై రెండేళ్ళుగా ముఖాలు చూస్తున్నాడు. మనిషి వచ్చి స్టూలు మీద కూర్చోగానే అతని కన్ను ముందు లోపం మీద వాలుతుంది, పుండు మీద ఈగలాగా. నుదుటి మీద మొటిమ, పెదవి మూల పొక్కు, కంటి కింద నలుపు. ఆ తర్వాతే కళ్ళూ ముక్కూ కనిపిస్తాయి. ఇలాంటి కన్ను ఉన్నవాడికి ఒక పద్ధతి ఉండాలని అతనికి పని నేర్పిన గురువుగారు అనేవారు. అవి నెగెటివుల రోజులు. సన్నటి పెన్సిలుతో, బ్లేడు మొనతో మచ్చలు సరిచేసేవారు. గురువుగారి పద్ధతి ఒక్కటే. "రెండు వారాల్లో పోయేది తీసెయ్. పోనిది ముట్టుకోకు. అది ఆ మనిషిది, మనది కాదు." మొటిమ పోతుంది, తీసెయ్యి. పుట్టుమచ్చ పోదు, ఉంచు. పెన్సిలు పోయి కంప్యూటరు వచ్చినా ఆ పద్ధతి అతని వేళ్ళలో అలాగే ఉండిపోయింది. జీవితంలో ఒక్కసారి తప్ప దాన్ని దాటలేదు.

మంగళవారం ఆఖరున ఇద్దరమ్మాయిలు వచ్చారు. అందులో ఒకమ్మాయిని ఆరేళ్ళప్పటి నుంచీ అతను ఎరుగును. తల నిండా రింగుల జుట్టు, అందుకే అతని ఇంట్లో ఆ పిల్ల పేరు రింగులు. పిట్టా రింగులూ ఇదే స్టూడియోలో, ఈ తెరచాటునే, ఒకే పుస్తకంలో ఇద్దరూ తలలు పెట్టి హోంవర్కు చేసుకునేవాళ్ళు. రెండు నెలలుగా ఆ పిల్ల ఇటు తొంగిచూడలేదు. ఏమ్మా నల్లపూసవైపోయావని అతను పలకరిస్తే, పరీక్షలు కదా అంకుల్ అని చెప్పి అద్దం వైపు తిరిగింది.

రెండో అమ్మాయి స్టూలు మీద కూర్చుంటూ, "అంకుల్, నాకు ముందు వద్దు, తర్వాత మాత్రమే తీయండి" అని కిసుక్కున నవ్వింది. రింగులు నవ్వలేదు. నోరు మూసుకోమన్నట్టు స్నేహితురాలి మణికట్టు గిల్లింది. అతనికి అర్థం కాలేదుగానీ, అర్థం కాలేదన్న సంగతి మాత్రం పంటి కింద రాయిలా తగిలింది.

ఫోటోలు అయ్యాక స్నేహితురాలిని వీధిలోకి పంపి, రింగులు ఒక్కతే వెనక్కి వచ్చింది. నుదుటి మీద పడిన జుట్టు పైకెత్తి చూపించింది. ఎడమ కనుబొమ సగం లేదు. వెంట్రుకలు ఊడినట్టు లేవు, ఒక్కొక్కటే పట్టి లాగినట్టు చర్మం మీద ఎర్రటి చుక్కలున్నాయి.

"ఇది కొంచెం నింపుతారా అంకుల్? ఎవరికీ చెప్పకండి. పిట్టక్కూడా."

ఏమైందని అడిగాడు. చదువుకునేటప్పుడు చెయ్యి ఊరుకోదంది. ఇక మాట పెంచకుండా అతను నాలుగు గీతల్లో కనుబొమ నింపాడు. వెంట్రుకలు మళ్ళీ మొలుస్తాయి కాబట్టి అది పద్ధతిలోదే.

ఆ పిల్ల వెళ్ళాక పంటి కింద రాయి మళ్ళీ తగిలింది. ముందు, తర్వాత. ఆ రెండు మాటలూ కలిపి ఎక్కడ రాశాడో గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు, దాని పనితనం జనానికి చూపిద్దామని స్టూడియో పేజీలో ఒక నమూనా పెట్టాడు. ఒకే ముఖం, పక్కపక్కన రెండుసార్లు. ఎడమవైపు ముందు, కుడివైపు తర్వాత. ఊళ్ళోవాళ్ళ ముఖం పెడితే బాగుండదని, ఇంటి సరుకే కదా అని, పిట్ట ముఖం పెట్టాడు. అప్పుడు దానికి పదమూడేళ్ళు. దాన్ని అడగలేదు. అడగాలని తోచనైనా లేదు. పదకొండు మంది మెచ్చుకున్నారు. తర్వాత ఆ పేజీ సంగతే మర్చిపోయాడు.

ఇప్పుడు తెరిచి చూస్తే ఆ ఫోటో కింద మూడు వందల పైచిలుకు మాటలున్నాయి. సగం నవ్వు బొమ్మలే. మిగతావి అతను వరసగా చదివాడు. ఒకరు పిట్ట ముఖం ఎడమవైపునే ఉంచి, కుడివైపు సున్నం వేసిన గోడ పెట్టారు. మరొకరు చెక్కు తీయని బంగాళాదుంప, చెక్కు తీసినది పెట్టారు. మరొకరు గుంతల రోడ్డు, తారు రోడ్డు. ఒకదాన్ని మించి ఒకటి చెయ్యాలని పోటీ పడ్డారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే పిల్లల వెకిలితనమే. వీధిలో ఎవడో ఒక్కడు ఒక్కసారి అంటే దులిపేసుకుపోవచ్చు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, ప్రతివాడూ తన వంతు ఒక్క పిడికెడే వేశానని అనుకుని ఉంటాడు. ఆ పిల్ల మీద మాత్రం గుట్ట పడింది.

ఆ మాటల్లో ఒకదాని నుంచి ఇంకో పేజీకి దారి ఉంది. పిట్ట గడ్డం కింద ఒక మచ్చ ఉంది, వడ్లగింజంత, అడ్డంగా. ఆ మచ్చ పేరుతోనే ఎవరో ఒక అకౌంటు తెరిచారు. మచ్చ డైరీ. మచ్చే మాట్లాడుతున్నట్టు రోజూ రాస్తున్నారు. ఇవాళ మూడో పీరియడులో మా ఓనరు నన్ను చేత్తో మూసింది, ఊపిరాడలేదు. ఇవాళ మా ఓనరు నాకు గుడ్డ కట్టింది, నేను దొంగనా? ఇవాళ టీచరు ప్రశ్న అడిగితే మా ఓనరుకు జవాబు తెలుసు, కానీ నేను కనపడతానని లేవలేదు. రాసిందాన్లో అబద్ధం ఒక్కటీ లేదు. రెండు నెలలుగా కూతురిలో అతను చూసి వదిలేసినవన్నీ ఇక్కడెవరో శ్రద్ధగా, తేదీలతో రాసిపెట్టారు. దాచుకోవడానికి ఆ పిల్ల ఏం చేస్తే అదే మర్నాటి వేడుక. మాస్కు పెట్టుకుంటే మాస్కు, మానేస్తే మానెయ్యడం.

ఎవరైనా చేసేదే అతనూ చేశాడు. పేజీలో తను పెట్టిన నమూనాను చెరిపేశాడు. చెరిపాక కాసేపు ఊపిరి తేలికైంది. తుడిచేస్తే పోతుందన్న నమ్మకం మీదే అతని బతుకంతా నడిచింది మరి.

బుధవారం మధ్యాహ్నం పిట్ట బడి నుంచి తిన్నగా స్టూడియోకు వచ్చింది. బ్యాగు కూడా దించకుండా ఫోను అతని ముందు పెట్టింది. మచ్చ డైరీ కొత్తగా రాసింది: మా నాన్నగారు వచ్చారు. నన్ను మళ్ళీ తుడిచేశారు.

"ఎవరు తీయమన్నారు నిన్ను?"

అతను తడబడి, అదంతా చూసి ఊరుకోలేకపోయానని, తనకు ఇంతకాలం తెలియదని చెప్పబోయాడు.

"నీకు తెలిసిందని ఇప్పుడు వాళ్ళక్కూడా తెలిసింది. ఇన్నాళ్ళూ ఇంట్లో తెలీదన్న ఒక్క పరువైనా ఉండేది నాకు."

ఆ మాట అతనికి వెంటనే ఎక్కలేదు. ఆమె చెప్పలేకపోయిందని అనుకున్నాడు ఇంతవరకూ. ఆమె చెప్పకపోవడం ఒక గోడ. ఆ గోడకు ఇవతల, ఈ ఇంట్లో, ఆమె ఇంకా వెనకటి పిట్టే. ఆ కాస్త జాగానూ నిన్న సాయంత్రం తన చేత్తోనే కూల్చేశాడు.

ఆ దిక్కుమాలిన ఫోను చూడటం మానెయ్యొచ్చుగా అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చూడకపోతే వాళ్ళు నా గురించి ఏం చూస్తున్నారో నాకు తెలీదు కదా నాన్నా." ఆమె గొంతులో కోపం లేదు, లెక్క చెబుతున్నట్టుంది. "క్లాసులోకి వెళ్తే నలభై మందికి తెలిసింది నాకొక్కదానికే తెలీకుండా ఉంటుంది. అదింకా భయం."

ఎవరు రాస్తున్నారో తెలుసా అని అడిగాడు. ఆమె ఫోను వెనక్కి జరిపి ఒక పాత రాత చూపించింది. నేను పుట్టింది ఒక స్టూలు కింద. మా నాన్నగారు అప్పుడు వేరేవాళ్ళ ఫోటో తీస్తున్నారు.

"ఈ సంగతి నేను ఒక్కరికే చెప్పాను," అంది పిట్ట.

పేరు చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. తెరచాటున ఒకే పుస్తకంలో తలలు పెట్టిన ఇద్దరిలో ఒకరు తన ముందుంది. రెండోది నిన్న ఇదే గదిలో జుట్టు పైకెత్తి, పిట్టక్కూడా చెప్పకండి అంది.

అతను ఆ పిల్ల ఇంటికి వెళ్తానన్నాడు, బడికి వెళ్తానన్నాడు. ఆమె అడ్డంగా తల ఊపుతూనే ఉంది. చివరకు, ఆ ఫోటో పెట్టి తప్పు చేశానని, క్షమించమని అన్నాడు.

"ఫోటో పెట్టినందుకు కాదు నాన్నా." ఆమె చెయ్యి మళ్ళీ గడ్డం మీదికి పోయింది. "దాన్లో మొటిమలు తీశావు, సరే. మచ్చ ఎందుకు తీశావు? నువ్వెప్పుడూ అలాంటివి తియ్యవు కదా. అందరికీ ఉంచుతావు. వాళ్ళకంటే ముందు తీసేసింది నువ్వే."

బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వచ్చిన ఇద్దరు ముగ్గురికి మిషను బాగాలేదని చెప్పి పంపేశాడు.

ఎందుకు తీశాడు? ఆ రాత్రీ మర్నాడూ ఆ ప్రశ్న అతనితో పాటు లేచింది, అతనితో పాటు తిన్నది. సాఫ్ట్‌వేర్ సత్తా చూపించడానికి అని మొదట చెప్పుకున్నాడు. మచ్చ పోతేనే తేడా బాగా కనిపిస్తుంది మరి. అది నిజమేగానీ, నిజం మీద పరిచిన దుప్పటి లాంటి నిజం. దుప్పటి ఎత్తి చూడటానికి గురువారం సాయంత్రం దాకా పట్టింది.

పిట్టకు నాలుగేళ్ళు. స్టూలు గిర్రున తిరుగుతుందని దానికి మహా సరదా. అతను ఒక కుటుంబానికి ఫోటో తీస్తున్నాడు. కెమెరాలో కన్ను పెట్టి ఉన్నాడు. కదలొద్దు, కదలొద్దు అంటున్నాడు వాళ్ళతో. పక్కన స్టూలు తిరుగుతున్న చప్పుడు చెవిన పడుతూనే ఉంది. ఒక్క నిమిషం, ఈ ఒక్కటీ తీసి దాన్ని దించుదామనుకున్నాడు. లైటు స్టాండు ఇనప కాలికి గడ్డం తగిలిన చప్పుడు ఇప్పటికీ కెమెరాలో కన్ను పెట్టినప్పుడల్లా వినిపిస్తుంది. మూడు కుట్లు. ఆ మచ్చను చూసినప్పుడల్లా అతను చూసింది పిల్ల గడ్డాన్ని కాదు, తన ఒక్క నిమిషాన్ని. తొమ్మిదేళ్ళ తర్వాత చేతిలో మౌసు, ఎదురుగా ఆ ముఖం, పక్కన ఎవరూ లేరు. ఒక్క గీత. తన నేరాన్ని తుడుచుకుంటున్నాననుకున్నాడు. అనుకోలేదు కూడా, చెయ్యి తుడిచేసింది అంతే. ఆ పిల్ల మాత్రం, మా నాన్నకు నా ముఖం నచ్చలేదు అని చదువుకుంది. మొదటి అక్షరం ఇంట్లోనే నేర్చుకుంది కాబట్టి, తర్వాత బయటివాళ్ళు రాసిందంతా తేలిగ్గా చదవగలిగింది.

భార్యకు అంతా చెప్పాడు. ఆమె ఈసారి దీన్ని చిన్న జబ్బుగా చూడలేదు. ఇద్దరూ కూర్చుని వెనక్కి లెక్కపెడితే, ఎన్నో కనిపించాయి. పిల్ల మార్కులు తగ్గడం, పొద్దున్నే కడుపునొప్పి అనడం, ఫోను మోగితే చెంచా జారవిడవడం. దేనికదే చిన్నది. అన్నిటికీ ఆమె షాపు నుంచి ఏదో ఒక మాత్ర తెచ్చింది కూడా.

రెండు వారాలు పోతే అందరూ మర్చిపోతారేమో అన్నాడు అతను, ఆశగా.

"ఎద్దు పుండు కాకికి నొప్పా? వాళ్ళు రెండు రోజుల్లోనే మర్చిపోతారు," అంది భార్య. "దీనికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పు."

బడికి వెళ్ళి తీరాలని ఆమె పట్టు. పిల్లకు చెప్పకుండా వెళ్తే మళ్ళీ అదే తప్పు చేసినట్టని అతని భయం. చివరకు ఆమే వెళ్ళి పిట్టను అడిగింది. శనివారం దాకా నన్ను వదిలెయ్యండి, తర్వాత చెబుతాను అంది పిట్ట. ఫోటో సంగతి అడిగితే గోడ వైపు తిరిగింది. పరీక్ష రాయవా అంటే, ఆ హాలు టికెట్టు మీద నా ముఖం అచ్చుపడుతుంది కదా, అది కూడా ఎవడో ఫోటో తీస్తాడు అంది. ఏడాది చదువు ఒక పక్క, వేలెడంత కాగితం మీద ముఖం ఒక పక్క. తూచితే ఆ పిల్లకు ముఖమే బరువైంది. ఇందులో మూర్ఖత్వం ఏమీ కనపడలేదు అతనికి. నలభై జతల కళ్ళు దానిలో కాపురం పెట్టాయి. గదిలో ఒక్కతే ఉన్నప్పుడు కూడా అవి దాన్ని చూస్తూనే ఉంటాయి. తన ఇరవై రెండేళ్ళ ఈగ కన్ను వాటిలో మొదటిది.

శనివారం పొద్దున అతను బ్యాంకు వాళ్ళకు ఇవ్వాల్సిన ప్రింట్లు ఇచ్చి పది గంటలకు తిరిగి వచ్చేసరికి, స్టూడియో తలుపు తీసి ఉంది. లోపల కంప్యూటరు ముందు పిట్ట కూర్చుని ఉంది. మాస్కు లేదు. తెర మీద రింగులు ముఖం, సరిచెయ్యక ముందుది. ఎడమ కనుబొమ సగం లేకుండా, ఎర్రటి చుక్కలతో, గోడంత పెద్దగా.

సరిచేసిన ఫోటోతో పాటు సరిచెయ్యనిదాన్ని మూడేళ్ళు దాచడం అతని అలవాటు. క్లాసులో నలభై మంది ముందు ముఖాలూ ఆ ఒక్క ఫోల్డరులో ఉన్నాయి. వాళ్ళు నవ్విన ముఖం ఒక్కటి. ఇక్కడ నలభై. ఇన్ని రోజులూ అతనికి ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. బుధవారం వచ్చింది. తలుపు దగ్గరే ఆపి పంపేశాడు.

ఫోను ఆమె చేతిలో ఉంది. లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పంపలేదు," అంది ఆమె, అడగకుండానే. "నిన్న పొద్దున్నే ఫోనులోకి ఎక్కించుకున్నా. నిన్నంతా జేబులోనే ఉంది. దాని వెనక బెంచీలో కూర్చుని అనుకున్నా, ఒక్క నొక్కు నొక్కితే చాలు, రేపటి నుంచి నా వైపు ఎవరూ చూడరు."

అతను కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"హాయిగా ఉండింది నాన్నా. చాలా రోజుల తర్వాత నిన్న అన్నం తిన్నాను." ఫోను అంచును వేలితో రుద్దుతూ, "అదే భయమేసింది" అంది.

తెర మీది ముఖాన్ని ఇద్దరూ చూశారు. ఆ పిల్ల కెమెరా వైపు కాకుండా కొంచెం పైకి చూస్తోంది, ఎవరో వచ్చి కొడతారేమో అన్నట్టు. మంగళవారం కనుబొమ సరిచేస్తూ అతను ఈ చూపును చూడనేలేదు.

"ఇది రెండు వారాల్లో పోతుందా?" అని అడిగింది పిట్ట.

"పీక్కోవడం ఆపితే మొలుస్తాయి."

"ఆపుతుందా?"

"తెలీదమ్మా."

"మచ్చ డైరీ మొదలైనప్పటి నుంచే పీక్కుంటోంది. వెనక నుంచి చూస్తుంటాను కదా, చెయ్యి అక్కడే ఉంటుంది." ఆమె ఫోను చూసుకుంది. "మొదట్లో ఆ డైరీకి చాలా లైకులొచ్చాయి. ఇప్పుడు రాయడం ఆపితే తర్వాత తన వంతేనని దానికి తెలుసు. జాలి పడట్లేదులే. ఊరికే చెప్తున్నా."

అని, ఫోనులో ఉన్న ఫోటోను తీసేసింది. తీసేసినట్టు అతనికి చూపించింది కూడా. నీ ఫోటో నా దగ్గరుండేదని రింగులుకు చెప్పనంది, చెబితే బెదిరించినట్టే కదా అంది. సోమవారం అమ్మను బడికి రమ్మనమంది. రెండు నెలల రాతలూ స్క్రీన్‌షాట్లు తీసి తేదీలతో పెట్టుకున్నానని, టీచరుకు తనే చూపిస్తుందని, అమ్మ పక్కన కూర్చుంటే చాలని, మాట్లాడక్కర్లేదని షరతు పెట్టింది. మీ అమ్మను మాట్లాడొద్దంటే కుదిరే పనేనా అన్నాడు అతను. పిట్ట పెదవి మూల కొంచెం కదిలి ఆగిపోయింది.

అప్పుడు చెప్పాడు. రెండు రోజులుగా నోట్లో నానుతున్నది.

"ఆ మచ్చ తీసింది నీ ముఖం బాగాలేదని కాదు. అది నా వల్ల అయింది. చూసినప్పుడల్లా నాకు నేనే కనపడేవాణ్ణి. అది నీ మచ్చ కాదు పిట్టా, నాది."

ఆమె ఆలోచించింది. తన తండ్రి ఏడుస్తాడేమోనని కాస్త కంగారుగా కూడా చూసింది.

"అయ్యుండొచ్చు," అంది చివరకు. "ముఖం మాత్రం నాదే కదా."

గడియారం పదకొండు దాటింది. ఆమె లేచి, అద్దం దగ్గర దారానికి వేలాడుతున్న దువ్వెనతో తల దువ్వుకుంది. అద్దంలోకి పూర్తిగా చూడలేదు, పాపిడి వరకే చూసుకుంది. వచ్చి స్టూలు మీద కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టి అదుముకుంది, పైకి లేవకుండా. అతను లైట్లు వేశాడు.

ఒక నిర్ణయం మనసులో సిద్ధంగా ఉంచుకున్నాడు. ఇక ఈ ముఖంలో ఆవగింజంత కూడా ముట్టుకోను. ఉన్నదున్నట్టే ఇస్తాను. అదే చెప్పాడు, కాస్త గంభీరంగా.

"వద్దు," అంది పిట్ట. "అదొక స్పెషలా మళ్ళీ? నలభై మందికి ఏం చేశావో నాకూ అంతే చెయ్యి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

సరే అన్నాడు. సిగ్గుపడ్డాడు కూడా. పశ్చాత్తాపం పేరుతో మళ్ళీ ఆ పిల్లనే నమూనాగా నిలబెట్టబోయాడు మరి.

గడ్డం కొంచెం దించమన్నాడు. చెవులు రెండూ కనపడాలన్నాడు. కెమెరాలో కన్ను పెట్టబోయి, పెట్టకుండా, ముందు మామూలు కళ్ళతో చూశాడు. భయపడుతున్న పదిహేనేళ్ళ పిల్ల ఒకతి కనిపించింది. వాళ్ళమ్మ నుదురు, తన చెవులు. మచ్చ కూడా కనిపించింది, కానీ వరసలో అన్నిటి తర్వాత. ఒక ఫోటో తీశాడు. ఇంకోటి తీస్తానని చెప్పి, ఊపిరి బిగపట్టొద్దు, నువ్వేమీ నీళ్ళలో మునగట్లేదు అన్నాడు. ఫ్లాషు పడే క్షణంలో ఆమె నవ్వింది. అది పనికిరాదు. మూడోది బాగా వచ్చింది.

కంప్యూటరు ముందు ఇద్దరూ కూర్చున్నారు. నుదుటి మీద ఒక మొటిమ ఉంది, తీశాడు. పెదవి మీద పగులు, తీశాడు. బాణం గుర్తు కిందికి జారి గడ్డం మీదికి వచ్చింది. పక్కన పిట్ట ఊపిరి వినిపించలేదు కాసేపు. బాణం ఆగకుండా మెడ మీదికి దిగి, చొక్కా కాలరు మీది దారప్పోగును తీసేసి, బయటికి వచ్చేసింది.

"అంతేనా?" అంది ఆమె.

"అంతే. అందరికీ అంతే."

పదకొండు నలభైకి ఫోటో ఫారంలోకి ఎక్కింది. ఎక్కినట్టు పచ్చ గీత పడే దాకా ఇద్దరూ తెర వైపే చూశారు. తర్వాత అతను నలభై మంది సరిచెయ్యని ముఖాలున్న ఫోల్డరును ఆమె ఎదురుగానే చెరిపేశాడు. ఇది మాత్రం ఎప్పుడో చెయ్యాల్సిన పని అన్నాడు. తుడిస్తే పోయేవి కొన్ని ఉన్నాయి మరి.

తెర మీద ఒక్క ఫోటో మిగిలింది. రెండోది. నోటీసు ప్రకారం పనికిరానిది. కళ్ళు సగం మూసుకుపోయి, పళ్ళు కనపడుతూ, గడ్డం కొంచెం పైకి లేచి మచ్చ వెలుగులో పడిన ముఖం. అతని చెయ్యి అలవాటుగా దాచడానికి పోయి, మధ్యలో ఆగింది.

"దీన్నేం చెయ్యమంటావు?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆ పిల్లను అడగడం అదే మొదటిసారి.

పిట్ట చాలాసేపు చూసింది. చెయ్యి గడ్డం దాకా వెళ్ళి, అక్కడ ఏం పని ఉందో మర్చిపోయినట్టు, ఒళ్ళోకి వచ్చేసింది.

"రెండు వారాలు ఉంచు," అంది. "చూద్దాం."